కొల్లేరులో తెంచిన గట్లు మళ్లీ ఎందుకు లేచాయి?

నీటిలెక్క
శనివారం, ఉదయం 8:10

కొల్లేరు గురించి ఇక్కడ జరిగిన పాత చర్చలన్నీ తిరగేశాను. దాదాపు ప్రతిదీ ఒకే చోట ఆగిపోయింది. ఒకరు ఆక్రమణలు తొలగించాలంటారు, ఇంకొకరు అక్కడి జనం ఏం తిని బతకాలంటారు, ఆ తరువాత ఎవరూ మాట్లాడరు. నేను మరో వైపు నుంచి అడుగుతున్నాను. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలు పెట్టి తెంచేశారు. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసు ఉంది, ప్రభుత్వ యంత్రాంగం మొత్తం దిగింది. అయినా తరువాతి ఏళ్లలో చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎందుకు?

లంచాలు, రాజకీయాలు అని చెప్పడం తేలిక. అవి లేవని నేను అనను. కానీ అధికారులందరినీ మార్చి నిజాయితీపరులను కూర్చోబెట్టినా గట్టు వేయాలన్న ఒత్తిడి తగ్గదని నా నమ్మకం. ఆ ఒత్తిడి పుట్టే చోట్లు చాలావరకు సరస్సుకు బయట ఉన్నాయి.

కొత్తవారి కోసం కొంచెం నేపథ్యం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరుతో పాటు రెండు డెల్టాల మురుగు కాలువలు అందులోకే దిగుతాయి. బయటికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు దాకా, అంటే పదో కాంటూరు దాకా లెక్క వేస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. దానికి ఏడాది ముందే, 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రంలో 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో సుమారు 42 శాతం చేపల చెరువులే కనిపించాయి.

ఇప్పుడు నా వాదన. గట్టు వరదకు అడ్డం పడుతుంది. అడ్డం పడిన నీరు వెనక్కి ఎగదన్ని పైనున్న వరిచేలల్లో నిలుస్తుంది. వరుసగా పంట మునిగిన రైతు వరి మీద ఆశ వదులుకుని చేనును చెరువుగా తవ్విస్తాడు, లేదా కౌలుకు ఇస్తాడు. ఆ చెరువుకూ గట్టు కావాలి. ఆ గట్టు మరొకరి చేనును ముంచుతుంది. దీన్ని ఎవరూ పైనుంచి నడపనక్కర్లేదు, తనను తానే పెంచుకుంటుంది. వ్యవస్థగా ఆలోచించడం అంటే నా దృష్టిలో ఇలాంటి వలయాలను వెతికి పట్టుకోవడం. 2006లో గట్లు తెగాయి, ఈ వలయం మాత్రం తెగలేదు.

మీకు తెలిసిన వలయాలు, దారులు రాయండి. అన్నీ కలిపి ఒక పటం గీద్దాం.

---

కైకలూరు చెరువు రైతు
శనివారం, ఉదయం 11:35

నేను చేపల చెరువు రైతునే. ఐదో కాంటూరుకు బయట, సొంత పట్టా భూమిలో.

నీటిలెక్క గారూ, మీ వలయంలో ఒక దారి మిగిలిపోయింది. వరద రాకపోయినా చేను చెరువవుతుంది. మాది ఒకప్పుడు సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట వరి) రెండూ పండిన భూమి. పక్క చేను చెరువైంది. అక్కడ ఏడాది పొడుగునా నిలువెత్తు నీరు నిలబెడితే ఊట మా చేలోకి దిగకుండా ఎలా ఉంటుంది? కోత నాటికి కూడా నేల ఆరదు, కోత యంత్రం దిగబడుతుంది, కంకి నీళ్లలో మొలకెత్తుతుంది. చివరికి మేమూ తవ్వాం. ఇప్పుడు మా ఊట అవతలి చేలోకి వెళుతోంది. ఇందులో ఎవరి దురాశ ఎంత అని అడిగితే నేను జవాబు చెప్పలేను.

డబ్బు దారి కూడా రాసుకోండి. చేపకు తవుడు కావాలి, వేరుశనగ చెక్క కావాలి, నీటికి కోళ్ల ఎరువు కావాలి. మేత చాలామందికి అప్పు మీదే వస్తుంది. అప్పు పెట్టిన వ్యాపారికే పట్టుబడి ఇవ్వాల్సి వస్తే ధర అడిగే బలం ఉండదు. ధర తక్కువ వస్తే ఆ నష్టం పూడ్చడానికి మరుసటి ఏడాది చేపపిల్లను ఒత్తుగా వదులుతాం. ఒత్తుగా వదిలితే నీరు చెడుతుంది, జబ్బు వస్తుంది, మందులకు మళ్లీ అప్పు. ఈ చెరువుల చేప ఐసు వేసుకుని లారీల్లో కోల్‌కతా, అస్సాం దాకా వెళుతుంది. అక్కడ ధర పడితే ఇక్కడ చెరువులో సాంద్రత పెరుగుతుంది. బయటినుంచి వచ్చినవారికి గట్టు ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక బియ్యపు మిల్లు, కోళ్ల ఫారం, ఐసు ఫ్యాక్టరీ, దూరాన ఎక్కడో చేప కొనుక్కునే ఇల్లు, ఇవన్నీ ఉన్నాయి.

---

విశ్రాంత ఇంజినీరు
శనివారం, సాయంత్రం 5:20

డెల్టా మురుగు కాలువల మీద పని చేసి విరమించినవాణ్ణి. ఈ చర్చకు కొన్ని అంకెలు జత చేస్తాను.

308 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు నీరు నిలిస్తే సుమారు 3.3 టీఎంసీలు. 901 చదరపు కిలోమీటర్ల మీద నిలిస్తే సుమారు 9.7 టీఎంసీలు. వరద వచ్చిన రోజుల్లో కొల్లేరు ఒక్కో అడుగు పెరుగుతూ ఇంత నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా వదలాలి. అందుకే దీన్ని రెండు డెల్టాలకు వరద సర్దుబాటు జలాశయం అంటాం. ఇక చెరువు విషయం. చెరువులో నీరుంది కదా, అదీ సరస్సే కదా అని కొందరు వాదిస్తారు. ఆ చోటు ముందే నిండి ఉంది, చుట్టూ గట్టు ఉంది, కాబట్టి వరదకు అది లేనట్టే. 100 చదరపు కిలోమీటర్ల మేర చెరువులుంటే ప్రతి అడుగు మట్టానికీ ఒక టీఎంసీకి పైగా చోటు పోయినట్టు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా పారితే వచ్చే నీరు. ఆ నీరు ఎవరో ఒకరి చేలోకో ఇంట్లోకో పోవాలి.

ఉప్పుటేరుకు వాలు చాలా తక్కువ. సముద్రం పోటు మీదున్న గంటల్లో నీరు కిందికి దిగదు. సరస్సు నీరు ఉప్పుటేరు వైపు దిగే పెదఎడ్లగాడి దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. గుర్రపుడెక్కది ఇంకో వలయం, గమనించండి. చెరువుల నుంచి, పట్టణాల నుంచి వచ్చే పోషకాలు తిని అది పెరుగుతుంది. పెరిగి నీటి వేగం తగ్గిస్తుంది. వేగం తగ్గితే ఒండ్రు దిగుతుంది, లోతు తగ్గుతుంది, పోషకాలు అక్కడే నిలుస్తాయి. మళ్లీ డెక్క. యంత్రాలతో తీయించడం ప్రతి ఏటా జరిగే పనే, అది మళ్లీ రావడమూ ప్రతి ఏటా జరిగేదే.

ఇప్పుడు బుడమేరు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి అందరికీ తెలుసు. బుడమేరు సహజంగా కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి దాని వరదను మళ్లింపు కాలువలో కృష్ణకు పంపే ఏర్పాటు చేశారు. అదే కాలువ ఇప్పుడు పోలవరం కుడి కాలువ నీటికీ దారి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు వరదలో ఉంది. నది అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీరు అందులోకి ఎలా పోతుంది? కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, నగరం మునిగింది. అప్పటినుంచి బుడమేరును వెడల్పు చేయాలన్న మాట గట్టిగా వినిపిస్తోంది. చేయాల్సిందే. కానీ వెడల్పైన బుడమేరు ఆ నీటిని ఇంకా త్వరగా కొల్లేరులో పోస్తుంది. అక్కడ చోటు తగ్గింది, ఉప్పుటేరు పెరగలేదు. అంటే నగరం మునక కొల్లేరు లోపలి లంక గ్రామాలకు బదిలీ అవుతుంది. విజయవాడ ప్రణాళిక ఒక బల్ల మీద, కొల్లేరు ప్రణాళిక ఇంకో బల్ల మీద గీస్తే జరిగేది ఇదే.

---

సూటిగా
శనివారం, రాత్రి 9:02

అందరూ బాగా రాస్తున్నారు. నాకు మాత్రం భయం వేస్తోంది. ఇన్ని వలయాలు గీసిన తరువాత చివరికి ఎవరూ తప్పు చేయలేదన్న చోటికి చేరతాం. అభయారణ్యంలో గట్టు వేయడం చట్ట విరుద్ధం. వేసినవాడికి వేస్తున్నట్టు తెలుసు. పెట్టుబడి పెట్టినవారు పేద మత్స్యకారులు కారు. ‘సమస్య సంక్లిష్టం’ అనే మాట కోర్టుల్లో వాయిదాలు అడిగేవారికి బాగా పనికొస్తుంది. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే 135 చదరపు కిలోమీటర్లకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసినప్పుడు కూడా జనం బతుకు గురించే మాట్లాడారు. తరువాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. ముందు చట్టం అమలు కానివ్వండి, పటాలు తరువాత గీయండి.

---

నీటిలెక్క
శనివారం, రాత్రి 10:15

సూటిగా గారూ, మీ భయం న్యాయమైనది. పటం గీసినంత మాత్రాన బాధ్యత పోదు. ఎవరు ఏ మలుపులో లాభం తీసుకున్నారో పటంలోనే కనిపిస్తుంది, కనిపించాలి కూడా. పెట్టుబడి పెట్టి బినామీ పేర్లతో చెరువులు నడిపినవారిని ఊటకు బలైన రైతుతో ఒకే గంపలో వేయడం అన్యాయం అని నేనూ అంటాను.

అయితే చట్టం అమలైంది కదా, 2006లో? అంతకన్నా గట్టిగా ఎలా అమలు చేస్తారు? తెంచిన మరుసటి రోజు నుంచి ఆ చోట ఏం జరగాలో ఎవరి కాగితం మీదా లేకపోతే, మళ్లీ తెంచినా మళ్లీ లేస్తాయి. మూడో కాంటూరు ప్రతిపాదనను నేనూ వ్యతిరేకిస్తాను, ఇంజినీరు గారి టీఎంసీల లెక్కే అందుకు చాలు.

---

పరిశోధక విద్యార్థిని, విశాఖ
ఆదివారం, ఉదయం 7:48

నేను సిస్టమ్ డైనమిక్స్ పద్ధతితో చిత్తడి నేలల మీద పరిశోధన చేస్తున్నాను. 1950లలో ఎంఐటీలో జే ఫారెస్టర్ ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఎందుకు ఊగిసలాడతాయో వివరించడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన శిష్యుల తరంలోని డోనెల్లా మెడోస్ 1999లో, ఒక వ్యవస్థలో ఎక్కడ వేలు పెడితే ఎంత మార్పు వస్తుందో పన్నెండు మెట్లుగా పేర్చారు. అంకెలు మార్చడం, అంటే పన్ను రేటు, జరిమానా మొత్తం, కాంటూరు సంఖ్య వంటివి, ఆమె క్రమంలో అన్నిటికన్నా బలహీనమైనవి. సమాచారం ఎవరికి అందుతోంది, నియమాలు ఎవరు రాస్తారు, వ్యవస్థ లక్ష్యం ఏమిటి అనేవి అంతకన్నా చాలా బలమైనవి. మనం ఇరవై ఏళ్లుగా మూడా, ఐదా అని కాంటూరు అంకె మీదే పోట్లాడుతున్నాం.

చిలికాతో పోల్చి చూద్దామా? 1981లోనే రామ్‌సర్ జాబితాలో చేరిన ఆ సరస్సు, 1993 నాటికి ప్రమాదంలో ఉన్నవాటిని గుర్తించే మాంట్రూ జాబితాకు ఎక్కింది. ఒండ్రు పూడి సముద్ర ముఖద్వారం మూసుకుపోతోంది, ఉప్పుదనం తగ్గి కలుపు పెరిగింది, చేప తగ్గింది. 1991లో ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచింది. ఉప్పుదనం కోలుకుంది, చేప, రొయ్య, పీత పట్టుబడి పెరిగాయి. 2002లో మాంట్రూ జాబితా నుంచి బయటపడింది, రామ్‌సర్ పురస్కారం కూడా వచ్చింది. ఒక్క చోట చేసిన పని మిగతా వలయాలన్నిటినీ తిప్పింది. ఉప్పుటేరు దగ్గర అలాంటి చోటు ఉందా అన్నది నా ప్రశ్న.

---

విశ్రాంత ఇంజినీరు
ఆదివారం, ఉదయం 10:30

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. కానీ చిలికా మందు కొల్లేరుకు విషం కావచ్చు. చిలికా ఉప్పునీరు, మంచినీరు కలిసిన సరస్సు, దానికి సముద్రం కావాలి. కొల్లేరు మంచినీటి సరస్సు, దాని అడుగు దాదాపు సముద్ర మట్టంలో ఉంటుంది. ఉప్పుటేరును లోతు చేసి, తిన్నగా తవ్వి వదిలేస్తే వరద రోజుల్లో నీరు త్వరగా దిగుతుంది, నిజమే. వేసవిలో అదే దారిన ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. వరదకు తలుపు తెరిస్తే ఉప్పుకూ తెరిచినట్టే. అందుకే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది.

ఇంకొక విషయం ఎక్కువమంది పట్టించుకోరు. ఎండాకాలంలో కొల్లేరుకు వచ్చే మంచినీరు ఎక్కడిది? వాగులు ఎండిపోతాయి. దాళ్వా చేల నుంచి మురుగు కాలువల్లోకి జారే నీరే ఆధారం. మనం కాలువలకు సిమెంటు లైనింగ్ చేసి, చివరి భూములకు నీరు అందించి, వృథా అరికట్టాం అని సంతోషిస్తాం. ఆ వృథా అనుకున్నదే కొల్లేరు తాగే నీరు. పైన ఆదా చేసిన ప్రతి క్యూసెక్కూ ఇక్కడ ఉప్పును ఇంకొంచెం ముందుకు రానిస్తుంది. లైనింగ్ వద్దని నేననడం లేదు. ఆదా అయిన నీటిలో సరస్సుకు ఇంత వాటా అని ముందే రాసిపెట్టాలి. సరస్సు పేరు మీద నీటి కేటాయింపు లేకుండా దాన్ని కాపాడతాం అనడం నాకు అర్థం కాదు.

---

లూధియానా తెలుగువాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:05

కొల్లేరు గురించి నాకు అంతగా తెలియదు. పైన ఆదా, కింద నష్టం అన్న మాట చదవగానే నేనుంటున్న రాష్ట్రం కథ రాయాలనిపించింది.

పంజాబ్‌లో భూగర్భ జలాలు పడిపోతున్నాయని 2009లో ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారం అప్పట్లో జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదు. మండుటెండలో నాట్లు వేస్తే నీరు ఆవిరవుతుంది, వానాకాలం దగ్గరపడ్డాక వేస్తే బోర్ల మీద భారం తగ్గుతుంది. ఆలోచన సరైనదే. కానీ నాట్లు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. గోధుమ విత్తడానికి నవంబరు మధ్య దాటకూడదు. మధ్యలో మిగిలిన కొద్ది రోజుల్లో, హార్వెస్టర్ వదిలిన గడ్డిని తీసే తీరిక రైతుకు లేదు, అగ్గిపుల్ల గీస్తాడు. గడ్డి కాల్చడం అంతకుముందూ ఉంది. ఈ చట్టం తరువాత అది గాలి కదలని, చలి మొదలైన ఆ కొద్ది వారాల్లోకి కుదించుకుపోయింది. ఢిల్లీకి పొగ పట్టడంలో దీని పాత్ర గురించి శాస్త్రవేత్తలు చాలా రాశారు. నీటిని కాపాడటానికి వేసిన అడుగు గాలి మీద పడింది. పైగా వరికి మద్దతు ధరతో కొనుగోలు హామీ, బోరుకు ఉచిత విద్యుత్తు అలాగే ఉన్నాయి కాబట్టి జలాలు పడిపోవడమూ ఆగలేదు. తేదీ మార్చారు, వరి వేయించే కారణాలను మార్చలేదు.

---

గట్టుమీద పిట్ట
ఆదివారం, సాయంత్రం 4:40

నేను పక్షులు చూడటానికి ఆటపాక వెళుతుంటాను. అక్కడ గూడబాతులు ఇనుప మంచెల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి, చూడటానికి రెండు కళ్లు చాలవు. ప్రతి శీతాకాలం పత్రికల్లో ‘కొల్లేరుకు మళ్లీ కళ’ అని ఫోటోలు వస్తాయి. ఇక్కడ నేనొక హెచ్చరిక చేయాలి.

గూడబాతు పెద్ద చేపలు తినే పక్షి. చుట్టూ చేపల చెరువులుంటే దానికి మేత కొరత ఉండదు. రైతులు చెరువుల మీద తాళ్లు, వలలు కట్టేది ఇలాంటి పక్షుల కోసమే. కాబట్టి గూడబాతుల సంఖ్య బాగుంటే సరస్సు బాగుందని అర్థం కాదు. తామర ఆకుల మీద నడిచే జకానాలు, రెల్లులో దాక్కునే నీలి కోళ్లు, లోతు లేని నీటిలో ముక్కుతో తడుముకునే ఉల్లంకి పిట్టలు, వీటికి కావాల్సింది గట్లు లేకుండా పరచుకున్న పలుచని నీరు, ఏటా ఎండి మళ్లీ తడిసే అంచులు. వాటిని లెక్కపెట్టాలి. ఒక్క పక్షి లెక్క చూసి వ్యవస్థ ఆరోగ్యం తేల్చేస్తే, ఆ ఒక్క పక్షి కోసమే మంచెలు కట్టి అంతటితో తృప్తి పడతాం.

---

లంకవాసి
ఆదివారం, రాత్రి 8:55

ఇంతవరకు చదువుతూ ఉన్నాను. మాది కొల్లేరు లోపలి ఊరు. పేరు రాయను.

మా తాతల కాలంలో తాటి దోనెల మీద వెళ్లి మావులు పెట్టి, వలలు వేసి కొర్రమీను, మట్టగిడస, జెల్ల పట్టేవారు. సరస్సు ఎవరిదీ కాదు, అందరిదీ. 1970ల ద్వితీయార్ధంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టి చెరువులు ఇచ్చింది. పేదవాడు బాగుపడతాడన్నారు, మంచి ఉద్దేశమే. చెరువు తవ్వడానికి, మేతకు, పిల్లకు పెట్టుబడి కావాలి, అది మా దగ్గర లేదు. డబ్బున్నవారు వచ్చి కౌలుకు తీసుకున్నారు. సంఘం పేరు మాది, చెరువు వారిది. మాకు ఏటా కౌలు వాటా, చెరువు మీద కాపలా పనో పట్టుబడి కూలో దక్కేది. చెరువులు ఎక్కువయ్యేకొద్దీ ఎవరిదీ కాని నీరు తగ్గింది. వల వేసే చోటు తగ్గిన కుటుంబం కూలికి చెరువు దగ్గరికే పోవాలి. నీటిలెక్క గారి పటంలో ఈ గీత కూడా గీయండి. మేము చెరువుల మీద ఆధారపడేలా చేసింది చెరువులే.

2006లో గట్లు తెగినప్పుడు మా ఊళ్లో సంతోషించినవారూ ఉన్నారు, ఏడ్చినవారూ ఉన్నారు. కౌలు డబ్బు ఆ ఏడాదే ఆగిపోయింది. జిరాయితీ (సొంత పట్టా) భూములున్నవారికి నష్టపరిహారం ప్రశ్న తేలలేదు. మరి చేప వెంటనే వచ్చిందా? రాలేదు. ఏళ్ల తరబడి మేత, ఎరువు దిగిన బురద అడుగున ఉంది, తెగిన గట్ల మట్టి దిబ్బలు నీటికి అడ్డంగా ఉన్నాయి, పైన గుర్రపుడెక్క. సరస్సు కోలుకోవడానికి సమయం పడుతుందని పెద్దలు చెప్పారు, మేమూ నమ్మాం. ఆ సమయంలో మా ఇళ్లు ఎలా నడవాలో ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఒక మనిషి వచ్చి, గట్టు కొంచెం లేపుకుందాం, ఈ ఏడాది నుంచే కౌలు ఇస్తాను అంటే, కాదనడానికి చాలా బలం కావాలి.

సూటిగా గారికి ఒక మాట. గట్టు వేసినవాడికి తెలుసు అన్నారు, తెలుసు. గట్టు లేకపోతే పూట గడుస్తుందన్న నమ్మకం కూడా అతనికి ఎవరైనా ఇచ్చి ఉండాల్సింది.

---

సూటిగా
ఆదివారం, రాత్రి 9:40

లంకవాసి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చట్టం గురించి నా మాట నాకు ఇప్పటికీ ముఖ్యమే. కానీ తెంచిన రోజుకు, చేప తిరిగొచ్చే రోజుకు మధ్య ఉన్న ఆ కాలాన్ని ప్రభుత్వ పథకంలో ఒక అంశంగా రాసి, డబ్బు పెట్టి ఉండాల్సింది. గట్లు తెంచే ఖర్చులో అది కూడా భాగమే అని ఇప్పుడు అంటాను.

---

పరిశోధక విద్యార్థిని, విశాఖ
సోమవారం, ఉదయం 6:30

లంకవాసి గారు చెప్పినదాన్ని మా పద్ధతిలో ‘ఆలస్యం’ అంటాం. నొప్పి వెంటనే, ఫలితం ఆలస్యంగా వచ్చే చోట వ్యవస్థ పాత దారికే జారిపోతుంది. నేను రాత్రి కూర్చుని మొదటి నమూనా గీశాను. అందులో నాలుగు నిల్వలు, అంటే కాలంతో పెరిగి తరిగే మొత్తాలు, పెట్టాను: సరస్సులో నీరు, అడుగున పోషకాలు, గట్ల విస్తీర్ణం, లంక కుటుంబాలకు గట్లు లేని నీటి నుంచి వచ్చే ఆదాయం. మొదటి మూడూ అందరి నమూనాల్లోనూ ఉంటాయి. నాలుగోది లేకపోతే నమూనా ఎప్పుడూ ‘గట్లు తెంచండి’ అనే చెబుతుంది, తెంచిన గట్లు మళ్లీ లేవడం మాత్రం అందులో కనిపించదు. నాలుగోది కలిపితే కనిపిస్తుంది.

కాగితం మీద తిప్పి చూస్తే నాకు ఒక సంగతి తోచింది. గట్లన్నీ ఒకేసారి తెంచడం కన్నా, వాగులు సరస్సులోకి దిగే ముఖాల నుంచి ఉప్పుటేరు దాకా నీటి దారికి అడ్డంగా ఉన్నవాటిని ముందు తీసి, అలా తెరుచుకున్న నీటిలో చేప పట్టే హక్కును లంక గ్రామాలకే రాసిస్తే, ఆ హక్కును కాపాడుకోవడానికి ఊరే గట్టును అడ్డుకుంటుంది. అప్పుడు గట్టును ఆపే బలం ఊళ్లోంచే పుడుతుంది. ఉమ్మడి వనరుల మీద ఎలినార్ ఆస్ట్రమ్ చేసిన పనికి 2009లో నోబెల్ వచ్చింది, ఆమె చెప్పింది కూడా దీనికి దగ్గరే: వాడుకునేవారే నియమాలు రాసుకుని, కాపలా కాసుకునే చోట ఉమ్మడి ఆస్తి నిలుస్తుంది.

చెరువు రైతు గారికి ఒక ప్రశ్న. చెరువుల నీరు ఎప్పుడు వదులుతారు?

---

కైకలూరు చెరువు రైతు
సోమవారం, ఉదయం 9:15

పట్టుబడి తరువాత చెరువు అడుగున మిగిలిన నీరు వదిలేస్తాం, మళ్లీ పిల్ల వేసేముందు చెరువు ఎండగట్టుకోవాలి. చాలామందిమి ఇంచుమించు ఒకే సమయంలో వదులుతాం. అడుగు నీరే అన్నిటికన్నా చెడ్డది, మేత మడ్డి అంతా అందులోనే ఉంటుంది. అది నేరుగా మురుగు కాలువలోకి, అక్కడినుంచి కొల్లేరులోకి. ఇంకా విచిత్రం, అదే కాలువ నుంచి కింది రైతు తన చెరువుకు నీరు తోడుకుంటాడు. మా జబ్బులు ఒకరికొకరం పంచుకుంటున్నాం.

నన్నడిగితే ఇదొక మొదలుపెట్టదగిన చోటు. పది చెరువులకు కలిపి ఒక చెరువును మడ్డి దిగే చెరువుగా వదిలేసి, అడుగు నీరు అందులో నిలిపి, తేరిన తరువాతే కాలువలోకి పంపాలి. మడ్డి వరి చేలకు ఎరువుగా పోతుంది. ఒక్కడు చేస్తే వాడికి నష్టం, వాడి చెరువు విస్తీర్ణం తగ్గుతుంది, కాలువలో నీరు మాత్రం అలాగే ఉంటుంది. ఒక కాలువ మీది రైతులందరూ చేస్తే అందరి చెరువుల్లో జబ్బు తగ్గుతుంది, మందుల ఖర్చు తగ్గుతుంది. అందుకని అనుమతులు చెరువుకు కాకుండా కాలువకు ఇవ్వాలి, నీటి పరీక్ష కూడా కాలువ చివర చేయాలి. మా కాలువ మీద నేను మాట్లాడగలిగినవారితో ఈ సంగతి ఎత్తుతాను. ఎవరెవరు ఏ వారంలో నీరు వదిలారో రాయించి ఇక్కడ పెడతాను, మీ నమూనాకు పనికొస్తుంది.

---

విశ్రాంత ఇంజినీరు
సోమవారం, సాయంత్రం 6:10

విద్యార్థిని గారి నాలుగు నిల్వలకు ఐదోది కలపమంటాను, ఉప్పు. ఉప్పుటేరు మీద గేట్లు కడితే ఏమవుతుందో అప్పుడే తెలుస్తుంది.

అందులోనే అసలు చిక్కు కూడా ఉంది. కట్టడం మాకు వచ్చిన పని. గేటు ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. వేసవిలో దించితే కొల్లేరులో మంచినీరు నిలుస్తుంది, ఉప్పు ఆగుతుంది. కానీ దిగువన ఉప్పుటేరు పొడవునా రొయ్యల చెరువులున్నాయి, 2009లో దేశంలోకి వెనామీ రకం రొయ్య వచ్చాక అవి బాగా పెరిగాయి. వారికి ఉప్పు కలిసిన నీరు కావాలి, తమ నీరు వదలడానికి పారే ఏరూ కావాలి. వానాకాలం ముందు గేట్లు ఎత్తి సరస్సును ఖాళీగా ఉంచితే వరదకు చోటు దొరుకుతుంది, అదే సమయంలో వానలు ఆలస్యమైతే లంక గ్రామాల వలలకు నీరు ఉండదు. విజయవాడ ఒకటి అడుగుతుంది, ఏలూరు ఒకటి, ఆకివీడు ఇంకొకటి. ఆ గేటు నియమావళి రాసేటప్పుడు బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలో ఇక్కడున్నవారు రాయండి. నా వరకు ఒకటే షరతు, సరస్సు తరఫున ఒక కుర్చీ, అందులో లంకవాసి.

---

లంకవాసి
సోమవారం, రాత్రి 9:20

ఒక కుర్చీ చాలదు ఇంజినీరు గారూ. లోపలి ఊరికి గేటు మీద ఆలోచన ఒకలా ఉంటుంది, అంచున ఉన్న ఊరికి ఇంకోలా. లోపలివారు నీరు తక్కువైతే బాధపడతారు, అంచువారు ఎక్కువైతే బాధపడతారు. కనీసం రెండు వేయండి. ఒకటి చేప అమ్మే ఆడవారికి ఇవ్వండి, ఏ నెలలో గంప ఎంత బరువుందో వారికే తెలుసు.